తెల్లబడ్డ గుడ్లు

అరోరా, ఇల్లినాయ్
డిసెంబర్ 3, 2023

మా పూజితమ్మకు,

మంచులో కూరుకుపోయిన అరోరా నుంచి మామయ్య దీవెనలు. మీరు ఇల్లు చేరారని శశికాంత్ మెసేజ్ పెట్టాడట, మీ అత్తయ్య చెప్పింది. చేపలు చేరాయా లేదా అన్నది మాత్రం అందులో లేదట. మనుషుల క్షేమం అడగడానికి అందరూ ఉన్నారు, చేపల క్షేమం అడగడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. మిషన్ పెట్టుకుంటే ఫోన్‌లో అవతలివాళ్ళ మాట తప్ప మిగతా చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి. మొన్న మీ అమ్మ విశాఖపట్నం నుంచి "బావున్నావా అన్నయ్యా" అంటే "బావిలో పడిందెవరు?" అని కేకలు పెట్టానట. అప్పట్నుంచి మీ అత్తయ్య నాకు ఫోన్ ఇవ్వడం మానేసింది. కాబట్టి నువ్వు కూడా కాగితం మీదే రాయి. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మొదటి వేసవి మా ఇంట్లో ఉన్నప్పుడు నీ చేతిరాత చూసి మేమిద్దరం మురిసిపోయేవాళ్ళం. అది తుప్పు పట్టకుండా చూసుకో.

శశికి చెప్పు. నేనిచ్చిన జీబ్రా డానియోలు మొండి చేపలు, ప్రయాణానికి చావవు. కానీ పిల్లల్ని చెయ్యాలంటే కొంచెం పనుంది. ఇవి గూడు కట్టే జాతి కాదు, కాపలా కాసే జాతి అంతకన్నా కాదు. తెల్లవారి వెలుగు పడగానే ఈదుతూ ఈదుతూ గుడ్లు చల్లేస్తాయి, మడిలో విత్తనాలు వెదజల్లినట్టు. చల్లి, అక్కడే వెనక్కి తిరిగి వాటినే తినేస్తాయి. అందుకని వేరే చిన్న టాంక్ పెట్టి అడుగున గాజు గోళీలు ఒత్తుగా పరవమను. గుడ్లు సందుల్లోకి జారిపోతాయి, తల్లిదండ్రుల మూతులు అక్కడికి పోవు. గుడ్లు పడగానే పెద్దవాటిని తీసెయ్యాలి. అంతే విద్య.

పొట్ట గుండ్రంగా ఉన్నది ఆడది. సన్నగా, చారల మధ్య బంగారు రంగు మెరిసేది మగది.

థాంక్స్‌గివింగ్‌కి మీరు వచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మీ ఆయన మా బేస్‌మెంట్‌లో టాంకుల ముందు గంటలకొద్దీ కూర్చుంటే "ఈ అబ్బాయికి ఇన్ని రోజులకి ఒక ఆట దొరికింది" అంది మీ మీనాక్షి అత్తయ్య. మంచి కుర్రాడు. ఎక్కువ మాట్లాడడు, నాకు అదే సుఖం.

మీ
రాజారావు మామయ్య


ఆష్‌బర్న్, వర్జీనియా
డిసెంబర్ 20, 2023

మామయ్యా,

చేపలన్నీ క్షేమం. ఇండియానా దాటేదాకా కూలర్ బాక్స్ నా ఒళ్ళోనే ఉంది. శశి ప్రతి రెస్ట్ ఏరియాలో ఆగి మూత తీసి చూశాడు. నేను ఆకలేస్తోందన్నా అన్నిసార్లు ఆగేవాడు కాదు.

నా చేతిరాత చూసి నవ్వకండి. ఒత్తు 'జ' రాయడం మర్చిపోయాను, ఆ అక్షరంతో పదం రాకుండా ఉత్తరం పూర్తి చేస్తున్నాను.

మీ అల్లుడు మారిపోయాడు. డేటా సెంటర్‌లో షిఫ్ట్ అయిపోగానే ఇంటికొచ్చి షూస్ కూడా విప్పకుండా బేస్‌మెంట్‌లోకి దిగిపోతున్నాడు. ర్యాక్ కట్టాడు, లైట్లకి టైమర్లు పెట్టాడు. గోళీలు ఆర్డర్ చేశాడు. మగ చేపల్లో ఒకటి పెద్దది ఉంది కదా, తోక కొంచెం చిరిగినది, అదంటే ప్రాణం. వేలు పెడితే వేలి వెంట వస్తుంది. నన్ను పిలిచి మరీ చూపిస్తాడు. ఏడాదిగా ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ చూడ్డానికి పిలవలేదు మామయ్యా. అందుకని మీకు చాలా థాంక్స్.

మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. చేపల్ని చూసి "వండుకోవడానికి కూడా పనికిరావు, వీటికి ఇంత భోగమా" అన్నారు.

నా లీవులన్నీ ఈ మధ్య అపాయింట్‌మెంట్లకే అయిపోతున్నాయి. కంగారు పడకండి, పెద్ద విషయం ఏమీ కాదు. అమ్మకి మాత్రం చెప్పకండి.

అత్తయ్య ఇచ్చిన గోంగూర పచ్చడి అయిపోయింది. సీసా కడిగి దాచాను, హింట్ ఇస్తున్నానన్నమాట.

మీ
పూజి


అరోరా
జనవరి 9, 2024

పూజీ,

నీ ఉత్తరం మీ అత్తయ్య నాకంటే ముందు చదివింది. సీసా సంగతి ఆవిడ చూసుకుంటుంది, చేపల సంగతి నేను చూసుకుంటాను.

అపాయింట్‌మెంట్లంటే థైరాయిడే అయి ఉంటుంది. మన వంశంలో ఆడవాళ్ళందరికీ ఉంది. పరగడుపున మాత్ర వేసుకుని అరగంట కాఫీ తాగకు. నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆపరేషన్ థియేటర్లో మనుషులకి మత్తిచ్చి బతికినవాణ్ణే అయినా ఈ మాత్రం వైద్యం నాకూ వచ్చు.

ఇక అసలు విషయం. శశి తొందరపడి ఆడ, మగ చేపల్ని వెంటనే కలిపేస్తున్నట్టున్నాడు. తప్పు. ముందు ఆడదాన్ని వేరుగా పెట్టి వారం రోజులు బాగా మేపాలి. గుడ్లతో పొట్ట నిండితేనే ఫలితం. బక్కచిక్కిన దాని దగ్గర్నుంచి గుడ్లు ఆశించడం అత్యాశ. బలమైన తిండి పెట్టమను, ఖర్చుకి వెనకాడొద్దను.

మీ అత్తయ్య పక్కనుంచి ఏదో అంటోంది. చేపపిల్లల సంగతి సరే, ఆ ఇంట్లో అసలు పిల్లలు ఎప్పుడట అని అడగమంటోంది. నేను అడగనన్నాను. "మీరడగకపోతే ఎవరడుగుతారు, పెద్దవాళ్ళు" అంది. అడిగాననే అనుకో. పెళ్ళయి ఏడేళ్ళు. మీ తరంవాళ్ళకి ప్లానింగ్ ఎక్కువ, తెలుసు. కానీ ఏ పనికైనా ఒక అదను ఉంటుంది తల్లీ. చేపలే ఏడాది దాటితే గుడ్లు తగ్గించేస్తాయి.

కోప్పడకు. ముసలాళ్ళ మాట.

మామయ్య


ఆష్‌బర్న్
ఫిబ్రవరి 18, 2024

మామయ్యా,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదు, తర్వాత మనసు బాగాలేదు. థైరాయిడ్ కాదు. ఇంకేమీ అడగకండి.

శశి మిమ్మల్ని అడగమన్నాడు కాబట్టి అదే రాస్తున్నాను. మీరు చెప్పినట్టు ఆడ చేపని వేరుగా పెట్టి మేపాడు. తెల్లారేసరికి గోళీల సందుల్లో బోలెడు గుడ్లు. నన్ను నిద్ర లేపి తీసుకెళ్ళి చూపించాడు. టార్చ్ వేస్తే గాజుపూసల్లా ఉన్నాయి. మర్నాడు సాయంత్రానికి అన్నీ తెల్లబడ్డాయి. ఒక్కటి కూడా నిలవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. మూడోసారి కూడా అంతే. ఆ తెల్లబడ్డవాటిని డ్రాపర్‌తో ఒక్కొక్కటే తీసి పారేస్తూ కూర్చున్నాడు. నేను మెట్ల మీద నుంచి చూసి, కిందికి దిగలేక పైకి వచ్చేశాను.

మా అత్తగారు చూసి "ఆ ఆడదానిలోనే ఏదో ఉంది, దాన్ని మార్చండి" అన్నారు. చేప గురించే అన్నారు. అనేటప్పుడు నన్ను చూశారు.

నీళ్ళలో లోపమా, తిండిలోనా, దేనిలో? పెద్ద మగ చేపనే ప్రతిసారీ పెడుతున్నాడు. దాన్ని తప్ప వేరేదాన్ని పెట్టనంటాడు. మీకు తోచింది రాయండి.

పూజిత


అరోరా
మార్చి 1, 2024

పూజీ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఇంత చిన్నదానికి మనసు పాడుచేసుకుంటారా! ఈ వ్యవహారంలో ఓడిపోనివాడు లేడు.

గుడ్లు పెట్టింది కదా? అయితే ఆడదాని పని ఆడది చేసింది. మీ అత్తగారికి నా మాటగా చెప్పు, లోపం దానిది కాదు. ప్రపంచంలో ఎక్కడ చూసినా ముందు ఆడదాన్నే అనడం అలవాటైపోయింది. లోపం మగదానిలో ఉంది. పైకి ఎంత నిగనిగలాడుతున్నా లోపల పస లేకపోతే మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు చేసినా ఇంతే. దానితో పని కాదు. నా మాట విని మగదాన్ని మార్చు.

శశికి దాని మీద మమకారం అన్నావు. అయితే వాడికి చెప్పకు. చెబితే ఒప్పుకోడు, మగవాడి పంతం. ఆఫీసుకి వెళ్ళినప్పుడు నువ్వే మార్చెయ్యి. పిల్లలు పుట్టాక ఎవరివని ఎవడు చూడొచ్చాడు? తన ముద్దుల చేప పిల్లలే అనుకుని మురిసిపోతాడు. నువ్వూ నోరు మెదపకు, నేనూ మెదపను.

మీ అత్తయ్య పచ్చడి సీసా ప్యాక్ చేసింది. ఈ ఉత్తరం ఆ పెట్టెలోనే పెడుతున్నాను.

మామయ్య


ఆష్‌బర్న్
మార్చి 10, 2024

మామయ్యా,

ఈ ఉత్తరం మీరొక్కరే చదవండి. అత్తయ్యకి ఇవ్వకండి. దయచేసి.

పచ్చడి పెట్టె శశి విప్పాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. మీ ఉత్తరం చేతిలో ఉంది. అత్తగారు గుడికి వెళ్ళారు. నేను షూస్ విప్పుతుంటే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "లోపం మగదానిలో ఉంది. పైకి ఎంత నిగనిగలాడుతున్నా..." మొత్తం చదివి, మడిచి, అడిగాడు.

"ఇది చేపల గురించా పూజీ?"

"చేపల గురించే శశీ. నువ్వే కదా అడగమన్నావు."

"వాడికి చెప్పకు, ఆఫీసుకి వెళ్ళినప్పుడు మార్చెయ్యి. ఇది కూడా చేపల గురించేనా? మీ మామయ్యగారు డాక్టర్. నువ్వు ఆయన్ని అడిగావు. ఇద్దరూ కూర్చుని డిసైడ్ చేశారు. నన్ను అడక్కుండా."

మామయ్యా, మీకు ఏమీ తెలియదని నాకు తెలుసు. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. రెండేళ్ళుగా మేము పిల్లల కోసం క్లినిక్‌కి తిరుగుతున్నాం. మూడుసార్లు ఐవీఎఫ్ అయింది. మీ జనవరి ఉత్తరం వచ్చిన రోజు నేను మూడోదాని ఇంజెక్షన్ల మధ్యలో ఉన్నాను. మూడూ నిలవలేదు. లోపం నాది కాదు. శశిది. ఆ రిపోర్ట్ వచ్చిన రోజు కార్‌లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరికీ చెప్పనని ఆ కార్‌లోనే తన తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. మా అమ్మకి చెప్పలేదు. మా అత్తగారు నన్నే అంటుంటే కూడా నోరు విప్పలేదు. ఆవిడ నా కోసం పసర్లు తెచ్చారు, తాయెత్తులు తెచ్చారు, "మా వాడికేం, రాయిలా ఉన్నాడు" అన్నారు. తాగాను, కట్టుకున్నాను, విన్నాను. శశి పక్కనే కూర్చుని ప్లేట్‌లోకి చూస్తూ తిన్నాడు. ఆ రోజుల్లోనే బేస్‌మెంట్‌లోకి దిగడం మొదలుపెట్టాడు.

మీ ఉత్తరం రావడానికి సరిగ్గా ముందు రోజు డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది, ఇక శశితో కుదరదు, దాత సహాయంతో ప్రయత్నించండని. మర్నాడు మీరు "మగదాన్ని మార్చు" అన్నారు.

తను ఇప్పుడు కింద టాంకుల పక్కనే పడుకుంటున్నాడు. కానీ నిన్న పైకి వచ్చి నాతో టీ తాగాడు. "నిజంగా ఆయనకి తెలియదా?" అని అడిగాడు. "తెలియదు" అన్నాను. నమ్మాలని ఉంది తనకి. అది నాకు కనిపించింది.

అందుకని ఒకే ఒక్క సాయం అడుగుతున్నాను. ఎప్పట్లాగే ఒక చేపల ఉత్తరం రాయండి. కొత్త మగ చేప ఎలా ఉంది, నీళ్ళు ఎంత వెచ్చగా ఉంచాలి, పిల్లలకి ఏం తిండి, మీ జోకులు, అంతే. ఈ ఉత్తరం మీకు అందనట్టే రాయండి. అది తన చేతికిస్తాను. చదివితే మీకేమీ తెలియదని తనకే అర్థమవుతుంది.

శశికి విడిగా ఏమీ రాయకండి. ఎవరికీ చెప్పకండి. అడుగుతున్నాను మామయ్యా, కాళ్ళు పట్టుకుని.

మీ పూజి


అరోరా
మార్చి 19, 2024

తల్లీ పూజితా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కిందికి దిగలేదు, చేపలకి మేత కూడా వెయ్యలేదు. మీ అత్తయ్య ఏమైందని నిలదీస్తే చెప్పేశాను. యాభై ఏళ్ళుగా ఆవిడ దగ్గర దాచింది ఏమీ లేదు. ఆవిడ ఏడ్చింది. పిల్లలెప్పుడని అడగమన్నది తనే కదా.

నువ్వు అడిగిన ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "పూజీ, చేపలెలా ఉన్నాయి" అని ఒక వాక్యం రాసి ఆగిపోయాను. నా వల్ల కాలేదు. ఒక మనిషి గుండె పగిలి బేస్‌మెంట్‌లో పడుకుని ఉంటే ఏమీ ఎరగనట్టు వాడికి నీళ్ళ వేడి గురించి జోకులు రాయడం మోసం. నేను డాక్టర్ని. కత్తికి భయపడేవాళ్ళ చెయ్యి పట్టుకుని, నేనున్నాను, పడుకో అని ధైర్యం చెప్పి నిద్రపుచ్చినవాణ్ణి. దాచుకునే కొద్దీ రోగం పెరుగుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

అందుకని నేను శశికే రాశాను. నిన్ననే పోస్టు చేశాను. అంతా వివరంగా, కొడుకుకి తండ్రి రాసినట్టు రాశాను. నాయనా, నువ్వు చదివిన ఆ ఉత్తరం చేపల గురించే, ఒట్టు, అప్పటికి నాకు ఏమీ తెలియదు, ఇప్పుడు పూజిత చెబితేనే తెలిసింది అన్నాను. ఇది లోపం కాదు, నీ మగతనానికి దీనికి సంబంధం లేదు, వందల మందికి ఉంటుంది అన్నాను. దాత అంటే సిగ్గు పడక్కర్లేదు, పెంచినవాడే తండ్రి అన్నాను. మీ అమ్మగారికి నువ్వే చెప్పు, పాపం ఆ పిల్ల నీ కోసం ఎన్ని మాటలు పడింది అని కూడా రాశాను. అది రాయకుండా ఉండలేకపోయాను.

మీ అత్తయ్య వద్దంది. "పిల్ల ఒకటి అడిగితే మీరొకటి చేస్తారేంటండీ" అంది. ఆడవాళ్ళు ఎప్పుడూ కప్పిపుచ్చమనే అంటారు. చూడు, వాడు ఈ ఉత్తరం చదివి తేలికపడతాడు. రేపో మాపో నీ దగ్గరికొచ్చి మాట్లాడతాడు. అప్పుడు నన్ను తలుచుకో.

ధైర్యంగా ఉండు.

మామయ్య


ఆష్‌బర్న్
ఏప్రిల్ 2, 2024

మామయ్యా,

శశికి మీరు రాసిన ఉత్తరం మా అత్తగారు విప్పారు. కవరు మీద మీ పేరు తెలుగులో చూసి ముచ్చటపడ్డారు. ఈ ఇంట్లో ఆవిడ చదవగలిగేది ఏదైనా రావడం అదే మొదటిసారి. కళ్ళజోడు పెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మొత్తం చదివారు. మేమిద్దరం అప్పుడు బేస్‌మెంట్‌లో ఉన్నాం.

ఎందుకు ఉన్నామో కూడా చెబుతాను, మీకు తెలియాలి. శశి ఆ పెద్ద మగ చేపని తీసేసి ఇంకోదాన్ని పెట్టాడు. తనంతట తనే. పిల్లలు వచ్చాయి. గాజుకి అంటుకుని, కనురెప్పల వెంట్రుకల్లా, కళ్ళు మాత్రం నల్లగా. నన్ను పిలిచి చూపించాడు. "మీ మామయ్యగారు కరెక్టే. తప్పు వాడిదే" అన్నాడు. తర్వాత "ఆ డాక్టర్ చెప్పింది ఆలోచిద్దామా" అన్నాడు. నన్ను చూడకుండా, టాంక్‌ని చూస్తూ. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. "నీ ఇష్టం శశీ, తొందరేం లేదు" అన్నాను.

అప్పుడే మెట్ల మీద ఆవిడ. చేతిలో మీ ఉత్తరం.

"ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేశార్రా ఇద్దరూ" అన్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి "ఈ సంగతి నాకు చెప్పడానికి పరాయివాళ్ళు కావాల్సొచ్చిందా" అన్నారు. శశి వెళ్ళి ఉత్తరం తీసుకుని మెట్ల మీద కూర్చుని చదువుకున్నాడు. నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అడిగాడు.

"ఆయనకి తెలియదన్నావు."

"అప్పటికి తెలియదు శశీ."

"ఇప్పుడు తెలుసు. పూజిత చెబితే తెలిసిందని రాశారు. నువ్వేనా చెప్పింది?"

నేనే. ఒట్టు తీసి గట్టున పెట్టి నేనే రాశాను. మీరొక్కరే చదవండని రాశాను. ఎవరికీ చెప్పకండని రాశాను.

తను పక్క ఊరు షాంటిలీలో ఫ్రెండ్ మానవ్ ఇంటికి వెళ్ళిపోయాడు. అత్తగారు టికెట్ ముందుకి జరుపుకుని విజయవాడ వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపాను. దారిలో ఒక్కసారి మాత్రం "నీకు పెట్టిన పసర్లన్నీ ఎట్లా తాగావే" అన్నారు. సెక్యూరిటీ దగ్గర నా చెయ్యి పట్టుకోబోయి వదిలేశారు.

మీరు అబద్ధం ఆడనన్నారు. సంతోషం.

పూజిత


అరోరా
జూలై 14, 2024

పూజితా,

ఏప్రిల్లో ఒకటి, మేలో రెండు రాశాను. దేనికీ జవాబు లేదు. ఉత్తరాలు అందుతున్నాయనీ, నువ్వు విప్పుతున్నావనీ మీ అమ్మ ద్వారా తెలిసింది. అది చాలు.

కారణాలు చెప్పను. ముందు రాసిన వాటిలో చాలా చెప్పాను, మళ్ళీ చదువుకుంటే నాకే రోత పుట్టింది. నువ్వు అడిగింది ఒక చిన్న పని. అబద్ధం ఆడటం ఇష్టం లేక మానేశానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. పెద్దవాణ్ణి కదా, నేను చెబితే వాడు వింటాడని నమ్మాను. నా మాటతో మీ కాపురం చక్కబడితే చూడాలని సరదాపడ్డాను. అంతకన్నా ఏమీ లేదు.

మీనాక్షి నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. "వినపడనిది చెవులకి కాదు మీకు" అంది ఒకసారి. నిజమే.

శశికి కూడా రాశాను. భయపడకు, ఒక్క వాక్యమే. క్షమించమని. విప్పకుండా తిరిగి పంపించాడు. సరే.

మేమిద్దరం వచ్చి కొన్నాళ్ళు నీ దగ్గర ఉండాలని ఉంది. నన్ను రావద్దంటే అత్తయ్య ఒక్కతే వస్తుంది. వంట చేసి పెడుతుంది, ఏమీ అడగదు. ఒక్క మాట రాయి.

మామయ్య


ఆష్‌బర్న్
నవంబర్ 17, 2024

మామయ్యకి,

అత్తయ్య రావద్దు. ఆవిడ మీద కోపం లేదని చెప్పండి. మీ మీద కూడా ఇప్పుడు కోపం లేదు. సమ్మర్ అంతా ఉండేది. ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ మీతో దెబ్బలాడేదాన్ని, మీరు గెలవకుండా అన్ని మాటలూ నేనే అనేదాన్ని. ఒక రోజు చూస్తే లేదు. దాని చోట ఇంకేదైనా వస్తుందేమోనని ఆగాను, అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. ఏమీ రాలేదు.

డివోర్స్ పేపర్ల మీద ఇద్దరం సైన్ చేశాం. గొడవలేమీ లేవు. లాయర్ కూడా ఆశ్చర్యపోయింది, ఇంత మంచిగా మాట్లాడుకుంటున్నారు కదా అని. నేను క్లినిక్‌కి ఒక్కదాన్నే వెళ్ళొచ్చా అని ఒకసారి ఫోన్ చేసి అడిగాను. వెళ్ళొచ్చన్నారు. ఇంకా వెళ్ళలేదు. వెళతానో లేదో మీకు తెలియక్కర్లేదు. ఇది కోపంతో అనడం లేదు. ఒక్క విషయమైనా నా దగ్గరే ఉండాలని.

ఈ ఉత్తరానికి జవాబు రాయకండి. రాస్తే చదువుతాను. చదివితే మీరు పాపం అనిపిస్తుంది. ఆ పని ఇక నా వల్ల కాదు. అందరికీ పాపం అనుకోవడం.

నిన్న శశి చేపల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. షాంటిలీలోనే అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. మూత ఉన్న పెద్ద బకెట్లు, బ్యాటరీ పంపు తెచ్చుకున్నాడు. పిల్లలన్నీ పెద్దవైపోయాయి. నేనే మేత వేశాను ఇన్ని నెలలూ. చచ్చిపోనిద్దామని ఒకసారి అనుకున్నాను, మర్నాడు పొద్దున దిగేసరికి అన్నీ పైకి వచ్చి మూతులు తెరిచాయి. వేశాను.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. మొక్కల వెనక దాక్కుంటాయి, వలకి అందవు. నేను ఒక వైపు నుంచి వల పట్టుకుంటే తను ఇంకో వైపు నుంచి తోలాడు. మధ్యాహ్నం అంతా పట్టింది. "అటు, అటు, నీ మోచెయ్యి కింద" అంటాడు, "ఉండు, ఉండు" అంటాను. ఒకటి ఎగిరి నా స్లీవ్‌లోకి దూరింది. నేను కేక పెట్టాను, తను నవ్వాడు, నేనూ నవ్వాను. ఇద్దరి బట్టలూ తడిసిపోయాయి. మేమిద్దరం కలిసి ఇంత సేపు ఒక పని చేసి ఏడాది పైనే అయింది మామయ్యా. ఎంత బాగా చేశామో. ఒక్క చేప కూడా చావలేదు.

బకెట్లు కార్‌లోకి నేనూ మోశాను. వెనక సీట్‌లో బెల్ట్ పెట్టాడు వాటికి. లోపలికి వచ్చి షూస్ వేసుకుంటూ కాఫీ వద్దన్నాడు, చీకటి పడకముందే వెళ్ళాలన్నాడు. గుమ్మం దగ్గర ఆగి "సారీ. నీ టైమ్ చాలా వేస్ట్ చేశాను" అన్నాడు.

ఈ మధ్యాహ్నం గురించా, ఇన్నేళ్ళ గురించా అని అడగబోయాను. అడిగితే నిజమే చెబుతాడు. అందుకని "పర్లేదు" అన్నాను.

పూజిత